తల్లి సాహసాన్ని కొడుకు జాతకంగా మార్చిన సినిమా

తక్కువ డబ్బుతో తీసిన సినిమా నాసిరకంగా ఉంటే తప్పంతా డబ్బు మీదకు నెట్టి సరిపెట్టుకోవడం చాలా సులువు. 1998 డిసెంబరులో, థియేటరు ముఖం చూడకుండా నేరుగా వీడియో క్యాసెట్ల మీద విడుదలైన ‘ద సీక్రెట్ ఆఫ్ నిమ్ 2: టిమ్మీ టు ద రెస్క్యూ’ విషయంలో నాకు ఆ సమాధానం చాలదు. దాని మొదటి భాగం, అంటే 1982లో వచ్చిన ‘ద సీక్రెట్ ఆఫ్ నిమ్’, కూడా చాలీచాలని డబ్బుతో తీసిన సినిమాయే. ఒకటి ఇప్పటికీ పిల్లల యానిమేషన్‌లో చెప్పుకోదగ్గ చిత్రంగా నిలిచి ఉండగా, రెండవది దానిని ప్రేమించినవారికి పుండు మీద కారంలా మిగిలిపోవడానికి కారణం ఖర్చుపట్టికలో కాక కథలోనే ఉందని నా నమ్మకం.

మొదటి సినిమా పుట్టుక గురించి కొంచెం చెప్పుకోవాలి. డాన్ బ్లూత్, గ్యారీ గోల్డ్‌మన్, జాన్ పోమరాయ్ అనే ముగ్గురు యానిమేటర్లు 1979లో డిస్నీ స్టూడియో నుంచి బయటికి వచ్చేశారు. వారితో పాటు మరికొందరు సహోద్యోగులు కూడా వచ్చారు. పాత డిస్నీ చిత్రాలలోని పనితనం, నీడలు, నీటి మెరుపులు, పాత్ర కళ్లలో కదిలే భయం, ఇవన్నీ ఖర్చు తగ్గించుకునే క్రమంలో ఒక్కొక్కటిగా వదిలేస్తున్నారన్నది వారి ఆవేదన. బయటికి వచ్చి తీసిన తొలి పూర్తి నిడివి చిత్రానికి వారి చేతిలో ఉన్నది సుమారు 70 లక్షల డాలర్లు మాత్రమే. అదీ చాలకపోతే నిర్మాతలు తమ ఇళ్లు తాకట్టు పెట్టారు. పని చేసినవారిలో చాలామంది రాబోయే లాభంలో వాటా దొరుకుతుందన్న ఆశతో, చేతికి వెంటనే ఏమీ రాకపోయినా, రాత్రింబవళ్లు కూర్చున్నారు. తీరా సినిమా సిద్ధమయ్యేసరికి ఆ వేసవిలో స్పీల్‌బర్గ్ సినిమా ‘ఈటీ’ ప్రభంజనం సాగుతోంది. పంపిణీ కూడా అంతంతమాత్రమే కావడంతో థియేటర్లలో ‘నిమ్’ ఓ మోస్తరుగా ఆడి వెళ్లిపోయింది.

ఆ కొద్దిపాటి డబ్బు తెర మీద ఎక్కడ కనిపిస్తుందో చూడండి. కథానాయిక మిసెస్ బ్రిస్బీ ఒక చిట్టెలుక. గోధుమరంగు ఒళ్లు, భుజాల మీద ఎర్రటి చిన్న కేప్. అంతకు మించి ఆమెకు అలంకారమేమీ లేదు. కానీ ఆమె పగటి వెలుతురులో ఉన్నప్పుడు ఒక రంగు, నేల మాళిగలోని నీలి చీకటిలో మరో రంగు, దీపం పక్కన ఇంకో రంగు. ఇలా 46 రకాల వెలుగుల కోసం ఆమె ఒక్కదానికే 46 రంగుల పట్టికలు తయారు చేశారు. మెరిసే వస్తువులకు రంగు పూసి ఊరుకోలేదు. బొమ్మలు గీసిన పారదర్శక పలకల (సెల్లుల) వెనక నుంచి నిజమైన కాంతిని పంపి, అదే ఫిల్మును మళ్లీ కెమెరాలో తిప్పి చిత్రించారు. సినిమా మొదట్లో ఎలుకల నాయకుడైన ముసలి ఎలుక నికొడెమస్ ముడతలు పడిన గోళ్ల చేతితో పుస్తకం తెరిచి, ఆమె భర్త జొనాథన్ బ్రిస్బీ చనిపోయిన వార్త రాస్తుంటే, అక్షరాలు నిప్పురవ్వల్లా వెలిగి కాగితం మీద చల్లారతాయి. ఒక పాత్ర చావు వార్తను పిల్లలకు చెప్పడానికి అంత శ్రమ పడ్డారు.

ఇక కథ. రాబర్ట్ సి. ఓబ్రయన్ 1971లో రాసిన నవల దీనికి ఆధారం. ఆ నవలకు 1972లో అమెరికా బాలసాహిత్య పురస్కారమైన న్యూబెరీ పతకం వచ్చింది. భర్త చనిపోయిన మిసెస్ బ్రిస్బీ నలుగురు పిల్లలతో ఒక పొలంలో, బోలు సిమెంటు దిమ్మెలో కాపురం ఉంటుంది. చిన్నకొడుకు టిమోతీకి న్యుమోనియా. మూడు వారాల పాటు మంచం మీద నుంచి కదిలిస్తే ప్రాణానికే ముప్పు. ఈలోగా రైతు పొలం దున్నడానికి ట్రాక్టరు తీసేశాడు. కొడుకును కదిలిస్తే చలి చంపుతుంది, కదిలించకపోతే నాగలి చంపుతుంది. కథ మొత్తం ఇంతే. ఈ లోకాన్ని రక్షించవలసిన భారమేదీ ఆమె మీద లేదు. ఆమెకు కావలసిందల్లా ఒక ఇల్లు కొన్ని అడుగులు పక్కకు జరగడం. అందుకు సాయపడగలిగినవి, నిమ్ అనే ప్రయోగశాలలో సూదులు వేయించుకుని మనుషుల్లాంటి తెలివి వచ్చాక అక్కడి నుంచి పారిపోయి వచ్చిన ఎలుకలు.

నాకు ఆ సినిమాలో అన్నిటికంటే నచ్చేది ఆమె భయపడటం. ట్రాక్టరు కదిలిన రోజు దాని మీదకు ఎక్కిన మిసెస్ బ్రిస్బీ మధ్యలోనే బిగుసుకుపోయి ఇనుప కడ్డీని పట్టుకుని వేలాడుతుంది. ఇంధనం గొట్టాన్ని లాగి ట్రాక్టరును ఆపేది ఆమె కాదు, నోరు పారేసుకునే పొరుగు ముసలావిడ ఆంటీ ష్రూ. కథానాయిక ఓడిపోయి గుక్కపట్టి ఏడుస్తుంది. అలా ఏడ్చిన ప్రాణి, ఆ తర్వాత తన జాతిని తినే గుడ్లగూబ దగ్గరికే సలహా అడగడానికి వెళుతుంది. ఆ సన్నివేశాన్ని నిదానంగా చూడాలి. చెట్టు తొర్రలో ఎటు చూసినా సాలెగూళ్లు, కాలికింద పాత ఎముకలు. వెంట వచ్చిన జెరెమీ అనే కాకి లోపలికి రానని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చీకట్లో ముందుగా రెండు కళ్లు వెలుగుతాయి. జాన్ కారడీన్ గొంతు ఆ తర్వాత వస్తుంది. ఎలిజబెత్ హార్ట్‌మన్ మిసెస్ బ్రిస్బీకి ఇచ్చిన గొంతులోనూ ఎప్పుడూ ఒక వణుకు ఉంటుంది. ప్రతి మాట చెప్పడానికి ముందు ఊపిరి కూడదీసుకుంటున్నట్టు వినిపిస్తుంది. ధైర్యం అంటే భయం లేకపోవడం కాదని ఎవరూ ఉపన్యాసం ఇవ్వనవసరం లేకుండానే, ఆ గొంతు చెప్పేస్తుంది.

ముగింపులో ఇల్లు బురదలో కూరుకుపోతుంటే, నికొడెమస్ ఇచ్చిన ఎర్రరాయి పతకం ఆమె తెగువకు స్పందించి వెలిగి, ఆ ఇంటిని పైకి లేపుతుంది. నవలలో ఇలాంటి మంత్రం లేదు. అక్కడ ఎలుకలు తమ లెక్కలతో, పనిముట్లతో ఇంటిని జరుపుతాయి. నిజం చెప్పాలంటే ఈ మార్పు నాకు పూర్తిగా రుచించలేదు. బ్లూత్ తెచ్చిపెట్టిన ఆ మహిమే తరువాతి వారికి దొడ్డిదారి తెరిచిందని కూడా అనుకుంటాను. అయినా ఒక్క విషయం గమనించాలి. ఆ రాయి ఊరికే పని చేయలేదు. చివరి సన్నివేశంలో పిల్లల పక్కన కూర్చున్న మిసెస్ బ్రిస్బీ రెండు చేతులకూ కట్లు ఉంటాయి. రాయిని పట్టుకున్న చేతులు కాలిపోయాయి. అద్భుతం జరిగినా దాని మూల్యం తల్లి ఒంటి మీద కనిపించింది.

రెండవ సినిమా మొదలవుతూనే ఇవన్నీ తారుమారవుతాయి. జొనాథన్ కొడుకులలో ఒకడు ఎలుకల జాతిని కాపాడతాడని నికొడెమస్ ముందే జోస్యం చెప్పాడట. ఆ ఎన్నికైన వీరుడు టిమోతీయేనట. మొదటి సినిమాలో దాదాపు ఆసాంతం దుప్పటి కింద జ్వరంతో పడుకున్న పిల్లవాడు ఇప్పుడు టిమ్మీ అయ్యాడు. ఎలుకల కొత్త నివాసమైన థోర్న్ వ్యాలీకి చదువుకు వెళ్లి, పెరిగి పెద్దవాడై, రాల్ఫ్ మాచియో గొంతుతో మాట్లాడతాడు. అతని ముందు ఉన్న సమస్య ఏమిటి? తాను వీరుడినని తానే నమ్మలేకపోవడం. అంతా ముందే రాసిపెట్టి ఉందని చెప్పిన తర్వాత, ఆ నమ్మకం కుదురుతుందా లేదా అన్న ఉత్కంఠతో ప్రేక్షకుడికి పనేముంటుంది?

అసలు ఆ జోస్యం ఎంత నష్టం చేసిందో ఆలోచించండి. మొదటి కథలో టిమోతీ బతికింది తల్లి తెగించినందువల్ల. రెండవ కథ లెక్క ప్రకారం అతను ఎలాగూ బతకవలసినవాడే, గొప్పవాడు కావలసినవాడే. అలాగైతే ఆమె గుడ్లగూబ తొర్రలోకి వెళ్లడం, పిల్లికి మత్తుమందు కలపబోయి రైతు ఇంట్లో పంజరం పాలవడం, చేతులు కాల్చుకోవడం, ఇవన్నీ విధి రాసిన నాటకంలో చిల్లర పనులైపోతాయి. ఇంత చేసి, ఆమెకు తెర మీద దక్కిన చోటు ఎంత? మొదట్లో కొడుకును సాగనంపే తల్లిగా కొద్దిసేపు కనిపిస్తుంది. ఆ తర్వాత కథకు ఆమె అవసరమే పడదు. కథానాయికను చంపేసినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఆమెను ఇంటికి కాపలా పెట్టి వెళ్లిపోయారు.

థోర్న్ వ్యాలీ సంగతీ అంతే. మొదటి సినిమాలో ఎలుకలు రైతు ఇంటి కరెంటును దొంగిలించి బతుకుతున్నాయి. తెలివి వచ్చిన ప్రాణులు ఇంకొకరి సొత్తు మీద బతకడం తప్పు కదా అన్న ప్రశ్న వాటిని పీడిస్తుంది. థోర్న్ వ్యాలీకి వలస వెళ్లి సొంత కష్టం మీద బతకాలన్నది నికొడెమస్ పథకం. ఆ సుఖాన్ని వదలడం ఇష్టం లేని జెన్నర్ అనే ఎలుక హత్యకు సైతం సిద్ధపడతాడు. పిల్లల సినిమాలో ఇంత బరువైన తగాదా ఉంది. అది తీరిన తర్వాత ఆ లోయలో ఎలా బతికారు? తొలి పంట పండిందా? దొంగ కరెంటు లేని మొదటి శీతకాలం ఎలా గడిచింది? సీక్వెల్‌కు ఇంతకంటే మంచి ముడిసరుకు ఉండదు. తెర మీద మాత్రం అన్నీ అమరిన, కులాసాగా పాటలు పాడుకునే ఊరు కనిపిస్తుంది. దానిని కట్టడానికి ఎవరు చెమటోడ్చారో అడిగేవారు లేరు.

బొమ్మల గురించి ఎక్కువ చెప్పను, చెప్పవలసినంత లేదు కాబట్టి. పగలైనా రాత్రైనా, గుహలోనైనా ప్రయోగశాలలోనైనా టిమ్మీ ఒంటిరంగు దాదాపు అలాగే ఉంటుంది. పాత్రలు నేలకు ఆనినట్టు అనిపించవు. మొదటి చిత్రంలో నిమ్ ప్రయోగశాల దృశ్యాలు కొద్ది నిమిషాలే ఉంటాయి. పంజరాల నుంచి తొంగిచూసే కళ్లు, సూది దిగినప్పుడు ఎలుక ఒంట్లో తిరిగే నొప్పి, ఆ తర్వాత మెదడులో విస్ఫోటనంలా వచ్చే మార్పు, ఇవి చూసిన పిల్లవాడు వాటిని మర్చిపోవడం కష్టం. అమెరికాలో ఆ రెండు సినిమాలకూ అన్ని వయసులవారూ చూడవచ్చన్న ‘జి’ రేటింగే దక్కింది. ఆ ఒక్క అక్షరం కింద భయానికి ఎంత చోటు ఇవ్వవచ్చో మొదటివారు కనుక్కున్నారు. రెండవవారు ప్రయత్నించనే లేదు. ప్రయోగశాల అంటే వారికి రంగురంగుల గొట్టాలున్న కార్టూన్ విలన్ స్థావరం.

సంగీతం దగ్గర తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. జెర్రీ గోల్డ్‌స్మిత్ యానిమేషన్‌కు సంగీతం ఇవ్వడం ‘నిమ్’తోనే మొదలు. ఆయన దానిని పిల్లల బొమ్మల సినిమాగా తక్కువ చేసి చూడకుండా, పెద్దల నాటకీయ చిత్రానికి ఇచ్చినంత నిండుగా వాద్యబృందంతో సంగీతం కూర్చారు. పాట ఒక్కటే, అదీ జ్వరంతో ఉన్న బిడ్డ పక్కన వినిపించే జోలపాట. సీక్వెల్ వచ్చిన 1998లోనే గోల్డ్‌స్మిత్ డిస్నీ వారి ‘ములాన్’కు నేపథ్యసంగీతం ఇచ్చారన్నది చేదు కలిపిన యాదృచ్ఛికం. ఇక్కడేమో రెండవ ‘నిమ్’ పూర్తి పాటల సినిమా అయిపోయింది. అప్పటి అమెరికన్ యానిమేషన్ అంటే నాయకుడికి ఆశల పాట, ప్రతినాయకుడికి బడాయి పాట, స్నేహితుడికి నవ్వుల పాట ఉండాలన్న మూస ఉండేది; ఆ మూసలో పోసిన పాటలే ఇవి. ఏ పాట తీసేసినా కథకు లోటు రాదు.

మార్టిన్ గురించి మాత్రం ఆగి మాట్లాడుకోవాలి. మొదటి సినిమాలో అతను టిమోతీకి దుడుకుతనం ఉన్న అన్నయ్య, అంతే. రెండవదానిలో తమ్ముడే వీరుడని తేల్చి చెప్పడంతో అసూయ పుట్టి, తన గొప్పతనం తానే నిరూపించుకుంటానని ఇల్లు వదిలి, నిమ్ మనుషుల చేతికి చిక్కుతాడు. అక్కడి ప్రయోగం అతని బుద్ధిని చెడగొడుతుంది. ఎరిక్ ఐడిల్ గొంతుతో అతను దుష్ట మేధావిగా మారతాడు. ఆ గొంతు ఒక్కటే ఈ సినిమాలో ప్రాణం ఉన్న వస్తువు అని నేను ఒప్పుకుంటాను. కానీ లోపల ఉన్న అసలు విషాదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరు అన్నదమ్ములలో ఒకరిని ఎంచుకుని మరొకరిని విస్మరించిన ఆ జోస్యమే మార్టిన్‌ను పాడు చేసింది. పెద్దలు చేసిన తప్పు అది. రచయితలు ఆ మాట ఒక్కసారైనా అనిపించి ఉంటే సినిమా అక్కడే లేచి నిలబడేది. వారు తప్పంతా ప్రయోగశాల యంత్రం మీద వేసి, చివరికి అతనిని ఇంటికి తెచ్చేసి చేతులు దులుపుకున్నారు. నలుగురి పిల్లల తల్లి ఈ సంగతి ఎలా తట్టుకుందో చూపించడానికైనా మిసెస్ బ్రిస్బీ తెర మీదకు రావలసింది.

జెరెమీ గొంతు డామ్ డెలూయిజ్, మందులు నూరే మిస్టర్ ఏజెస్ గొంతు ఆర్థర్ మాలెట్, ఈ ఇద్దరు మాత్రం పాత సినిమా నుంచి తిరిగి వచ్చారు. డెలూయిజ్ ఇష్టంగానే పని చేసినట్టు వినిపిస్తుంది. కాకపోతే మొదటిదానిలో చీకటి మధ్య ఊపిరి తీసుకోవడానికి ఉపయోగపడిన జెరెమీ హాస్యం, అంతా హాస్యమే అయిన చోట గోలగా మారింది.

ఈ సినిమా ఎందుకు తీశారన్నది రహస్యమేమీ కాదు. 1994లో డిస్నీ ‘అలాద్దీన్’కు కొనసాగింపును నేరుగా వీడియోలో విడుదల చేసి విపరీతంగా అమ్మింది. అదే ఏడాది బ్లూత్ దర్శకత్వం వహించిన 1988 నాటి ‘ద ల్యాండ్ బిఫోర్ టైమ్’కు, ఆయన ప్రమేయం లేకుండానే, తొలి కొనసాగింపు వచ్చింది, 2016 నాటికి అవి 13 అయ్యాయి. పేరు తెలిసిన సినిమా, చౌకగా గీసిన బొమ్మలు, తల్లిదండ్రులు దుకాణంలో అట్ట చూసి కొనేసే క్యాసెట్టు. హాలీవుడ్ స్టూడియో ఎంజీఎం వారి చేతిలో ‘నిమ్’ హక్కులు ఉన్నాయి, తమ యానిమేషన్ విభాగం ఉంది. బ్లూత్ సంబంధం లేకుండానే డిక్ సెబాస్ట్ దర్శకత్వంలో సుమారు గంటా పది నిమిషాల సినిమా తయారైంది. ఇందులో నాకు వింతగా తోచేది మరొకటి. థియేటర్లలో పెద్దగా ఆడని మొదటి ‘నిమ్’ను ఇంటింటికీ చేర్చి, ఒక తరం పిల్లలకు ప్రాణప్రదం చేసింది ఈ వీడియో క్యాసెట్టే. పేరు తెచ్చిపెట్టిన దారిలోనే ఆ పేరును అమ్ముకోవడానికీ వచ్చారు.

అయినా ఈ సీక్వెల్‌లో ఒక మంచి ఆలోచన ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. మొదటి సినిమాలో ఎలుకలు నిమ్ నుంచి గాలి గొట్టాల గుండా పారిపోయినప్పుడు వాటితో పాటు 11 చిట్టెలుకలు కూడా ఉన్నాయి. గాలి విసురుకు అవన్నీ చీకటి గొట్టాలలోకి కొట్టుకుపోగా జొనాథన్, మిస్టర్ ఏజెస్ ఇద్దరే మిగిలారు. ఆ నష్టాన్ని కథ క్షణంలో దాటిపోతుంది. చూసిన పిల్లల మనసులో మాత్రం ముల్లులా గుచ్చుకుంటుంది. వారిలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, ప్రయోగశాలలోనే బందీలుగా ఉన్నారు అని చెబుతూ జెన్నీ అనే చిట్టెలుక అమ్మాయి సీక్వెల్‌లో థోర్న్ వ్యాలీకి వస్తుంది. తన తల్లిదండ్రులను విడిపించమని వేడుకుంటుంది. తాము చచ్చిపోయారనుకుని వదిలేసి వచ్చినవారు ఇన్నేళ్లుగా పంజరాలలో ఉన్నారని తెలిస్తే, హాయిగా బతుకుతున్న ఆ ఎలుకల ఊరు ఏమవ్వాలి? నికొడెమస్ తర్వాత ఎలుకలను నడిపించే జస్టిన్ మొహం ఎలా మారాలి? మిస్టర్ ఏజెస్ ఆ రాత్రి ఎలా నిద్రపోవాలి? ఇవేవీ లేవు. జెన్నీ టిమ్మీకి జోడీ అయిపోతుంది, బందీలు విడిపించవలసిన సరుకు అయిపోతారు.

టిమోతీ తరువాతి జీవితం తెలుసుకోవాలనుకునే వారికి వేరే దారి ఉంది. ఓబ్రయన్ కూతురు జేన్ లెస్లీ కాన్లీ 1986లో ‘రాక్సో అండ్ ద ర్యాట్స్ ఆఫ్ నిమ్’ అనే నవల రాశారు. సీక్వెల్ తీసినవారు దానిని ఆధారం చేసుకోలేదు. అందులోనూ టిమోతీ థోర్న్ వ్యాలీకి చదువుకోవడానికే బయలుదేరతాడు. దారిలో రాక్సో అనే పట్నం ఎలుక పిల్లవాడు కలుస్తాడు. మిఠాయిలంటే ప్రాణం, గొప్పలు చెప్పుకోవడం అలవాటు, వీరుడు కావాలన్న తహతహ. అతను జెన్నర్ కొడుకు. ఇక్కడ వీరుడు కావాలన్న కోరిక ఒక పిల్లవాడి బలహీనతగా, చదువుతో పాటు మెల్లగా చక్కబడేదిగా కనిపిస్తుంది. లోయను ముంచేయబోయే ఆనకట్ట పని మొదలవుతుంది. దానిని ఆపడానికి ఎలుకలకు ఏ జోస్యం సాయానికి రాదు. కంప్యూటరును ఎలా పని చేయించాలో, ఎలా చెడగొట్టాలో తామే కూర్చుని నేర్చుకోవలసి వస్తుంది.